ముఖం చూసి మార్కులు

చైనాలోని హాంగ్‌జౌలో ఓ బడి 2018లో తరగతి గదికి కెమెరాలు బిగించింది. అవి 30 సెకన్లకోసారి పిల్లల ముఖాలు చూసి సంతోషం, విచారం, కోపం, భయం, ఆశ్చర్యం, నిరాశ, ఏదీకానిది అని ఏడు ఖానాల్లో సర్దేవి. భరతముని ఎనిమిది రసాలు చెప్పాడు. యంత్రానికి ఏడే చాలాయి. శృంగారం సిలబస్‌లో లేదు కాబోలు!

ఇప్పుడు పరిశోధకుల చూపు గ్రూప్ స్టడీ మీద పడింది. బల్ల చుట్టూ నలుగురు. ఒకడు లెక్క చేస్తాడు, ఒకడు తలూపుతాడు, ఒకడు పేర్లు రాస్తాడు, నాలుగోవాడు టిఫిన్ డబ్బా తలుచుకుని చిరునవ్వు నవ్వుతాడు. యంత్రం లెక్కలో ఈ నాలుగోవాడే 'ఆసక్తిగల విద్యార్థి'. చిక్కుముడి విప్పలేక నొసలు ముడిచిన మొదటివాడు 'కోపిష్ఠి'!

ముఖం చూసి మనసు చెప్పడం నమ్మదగ్గ విద్య కాదని 2019లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. వైద్య, భద్రతా అవసరాలకు తప్ప బడుల్లో, ఆఫీసుల్లో ఈ భావాల లెక్కింపు కూడదని ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది.

అయినా తప్పదంటారా? సరే, కెమెరాను ఒక్క పీరియడు బోర్డు వైపు తిప్పండి. ఆవలింత పిల్లాడిదో పాఠానిదో తేలిపోతుంది!