మా డాబా మీదా ఓ నంబరు ఎగరేయండి

విశాఖపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరికలు ఎగరేసే అధికారి గారికి,

ఉక్కునగరం క్వార్టర్సులో పాతికేళ్లు కాపురం చేసి, రిటైరై గాజువాకలో స్థిరపడ్డ ఒక మొహమాటస్తుడి బహిరంగ విన్నపం.

అయ్యా,

మీరంటే నాకు చిన్నప్పట్నుంచీ అసూయ. సముద్రంలో ఎక్కడో దూరాన వాయుగుండం పుడితే ఒకటో నంబరు ఎగరేస్తారు. పోర్టుకే ఈదురుగాలుల ముప్పుంటే మూడు. అయిదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పగలైతే స్తంభానికి శంకువులూ డ్రమ్ములూ, రాత్రయితే దీపాలు. అంతే. "ఏమీ అనుకోకండి" అన్న ముక్క ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు పదో నంబరు ఎగిరింది. "మేమంటే మీకు గిట్టదు" అని ఏ కెప్టెనూ మొహం మాడ్చుకోలేదు. మా ఆవిడ తరఫు ఓడ, నా తరఫు ఓడ అన్న పేచీ రాలేదు.

మా ఇంటికి అలాంటి స్తంభం లేదు. శ్రీకాకుళం నుంచి కేజీహెచ్‌లో చూపించుకోవడానికి వచ్చే చుట్టాలకు మాదే సత్రం. దానికి నాకు బాధ లేదు. ఒంట్లో బాగాలేనివాళ్లకి చాప పరచనివాడు మనిషేటి? నా గోల రెండో రకంతో. "బావా, బండి ఓ రెండ్రోజులిస్తావేటి?" "అన్నయ్యా, చీటీలో ఒక పేరు తక్కువైంది, నీది రాసేశాను." ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే "గురూ, రేపు నా సీ షిఫ్టు నువ్వు చేసెయ్." కుదరదన్న మాట గొంతు దాకా వస్తుంది. పెదాలు దాటేసరికి "దాన్దేముంది" అయిపోతుంది.

పోనీ కాదనడం బొత్తిగా రాదా అంటే, అదీ కాదు. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ తుపాకులకు ఎదురు నిలిచిన ఊరు మనది. 2021 జనవరిలో ప్లాంటును మొత్తంగా అమ్మేస్తామని కేంద్రం అన్నాక కూర్మన్నపాలెంలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. నేనూ కూర్చున్నాను. "అమ్మనివ్వం" అని ఢిల్లీకి వినబడేలా అరిచాను. అరుస్తుండగానే పక్కనున్నతను నా ఒళ్లో ఓ కాగితం పెట్టి "గురూ, లోనుకి షూరిటీ" అన్నాడు. బిగించిన పిడికిలి విప్పి, అదే చేత్తో సంతకం పెట్టాను. అతను వాయిదాలు ఎగ్గొట్టాడు. నా జీతంలో 22 నెలలు కోత పడింది.

"ఢిల్లీ దూరం కాబట్టి మీకా ధైర్యం" అంది మా ఆవిడ.

అప్పట్నుంచీ మీ పద్ధతి మీద కన్నేశాను. మేం కాదనడానికి వెతికే దొంగదారులు చూడండి: చూద్దాం, రేపు చెప్తా, ఇంట్లో అడగాలి, అయ్యో నిన్ననే వేరేవాళ్లకిచ్చేశా. ఇవ్వలేదన్న బాధకి అబద్ధమాడిన బాధ తోడై రాత్రంతా నిద్రుండదు. ఇక "చూద్దాం" విన్నవాడు ఆశపడి నాలుగుసార్లు తిరుగుతాడు, అయిదోసారి శత్రువవుతాడు. బీచ్ రోడ్డు మీద నుంచుంటే లంగరేసి కాచుకున్న ఓడలు కనిపిస్తాయి. బెర్తు లేకపోతే లేదంటారు మీరు. "ముందు లోపలికి రండి, సర్దుకుందాం" అనరు. పోర్టులోకి వచ్చే ఆ సన్నటి ఛానెల్లోకి అలా పిలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నాకు జీతం స్లిప్పు చూశాక తెలిసింది.

కనుక మా డాబా మీద ఓ స్తంభం పాతించండి. ఇరవయ్యో తేదీ దాటితే మూడో నంబరు, చేబదుళ్లు బంద్. బావమరిది పెద్ద బ్యాగుతో ఆటో దిగితే ఏడు. షూరిటీ కాగితం కనబడితే నేరుగా పది. పదకొండంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని గదా. మా కేంద్రం మా ఆవిడే. ఆవిడ పుట్టింటికెళ్లిన రోజుల్లో అది ఎగరాలి, తప్పనిసరిగా.

నిబంధనలు ఒప్పుకోవంటారా? మొహమాటపడకండి. కుదరదని ఒక్క ముక్క రాసి పంపండి. కారణం రాయొద్దు. "చింతిస్తున్నాం" అసలే వద్దు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, ఫోను పక్కన పెట్టుకుని, రోజూ పొద్దున్నే పైకి చదువుతాను.

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు రాస్తే ఎవరైనా దానికిందే షూరిటీ రాసుకుంటారని రాయలేదు)