గడపమీది సెలవు

మన తెలుగునాట చుట్టపుచూపుగా వచ్చినవాడు తిరిగి బోవునప్పుడు "పోతాను" అనడు. పొరపాటున అనెనా, ఇంటి ఇల్లాలు నొచ్చుకొని "ఆ మాటేమిటి నాయనా, వెళ్ళొస్తాననాలి" అని దిద్దును. అట్లు దిద్దించుకొని, లేచి, కండువా సవరించుకొని, ఒక కాలికి చెప్పు తొడిగి రెండవ చెప్పు కొరకు వెదకుచు, ఆ వెదకులాటలో జ్ఞప్తికి వచ్చిన పొలము తగవును, పొలము తగవులో జ్ఞప్తికి వచ్చిన మేనత్త మనుమరాలి సంబంధమును, గడపకు ఇవతల నొక కాలు అవతల నొక కాలు నిలిపి గంటసేపు ముచ్చటించి, ఇంతలో లోపల నెవరో తుమ్మగా మరల వచ్చి కూర్చుండి మంచినీళ్ళు త్రాగి, చీకటి పడినదని ఆ రాత్రికి భోజనము చేసి పరుండు బంధువును ఎరుగని గృహస్థు మనలో నుండడు. ఈ విద్య మన సొత్తనియు, ఖండాంతరములయందు దీనికి సాటి లేదనియు నేను చిరకాలము గర్వించియుంటిని. 2016 మొదలు 2020 వరకు ఆంగ్లేయులు నా గర్వమును సమూలముగ హరించిరి.

మా వీధి చివర ఒక విశ్రాంత ఉపాధ్యాయులు గలరు. వీధివారమందరమును వారిని మాస్టారనియే పిలుతుము. వారి అల్లుడు లండను సమీపమున కంప్యూటరు ఉద్యోగము చేయుచుండుటచే బ్రిటను ఐరోపా కూటమిని వీడు వ్యవహారము, అనగా బ్రెగ్జిట్, వారికి ఇంటి వ్యవహారమైనది. ఆ మూడున్నర సంవత్సరములును ఉదయము పాల పాకెట్టుతో వచ్చుచు మా అరుగుకడ నాగి, నా చేతిలోని పత్రికవంక చూచి ప్రశ్న వేయుట వారికి నిత్యకృత్యము.

"ఏమండీ, వెళ్ళారా?"

"లేదు మాస్టారూ, గడప దగ్గరే ఉన్నారు."

"పోనీ, లోపలికొచ్చి కూర్చుంటారటనా?"

"కూర్చోరట."

"ఎవరైనా తలుపుకి అడ్డం నిలబడ్డారా?"

"ఎవరూ లేరండీ. ఇంటివాళ్ళు తలుపు బార్లా తీసి, గొళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తున్నారు."

మాస్టారు పాల పాకెట్టును ఒక చేతినుండి వేరొక చేతికి మార్చుకొని, "హవ్వ!" యని సాగిపోవుదురు.

ఆ ఇంట ప్రవేశించుటకు వీరు పడిన పాట్లు తలచినచో ఈ నిష్క్రమణపు జాప్యము మరింత వింతగ దోచును. 1963లో ఒకమారు, 1967లో మరియొకమారు ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మహాశయుడు వీరి మొగముమీదనే తలుపు వేసెను. 1973 జనవరి 1న ఎట్టకేలకు లోనికి బోయిరి. పోయిన రెండేండ్లకే, 1975లో, "ఉందుమా, పోదుమా" యని ప్రజలనడుగగా నూటికి అరువదియేడుగురు ఉందమనిరి. అంతటితో తీరవలసిన ప్రశ్న తీరలేదు. స్వపక్షమున కొందరు నిత్యము పోరు పెట్టుచుండగా, ఆ పోరు మాన్పుకొనుటకై ప్రధాని డేవిడ్ కామెరాన్ దేశమును మరల అడిగెదనని 2013లో మాట యిచ్చెను; ఆలుమగల కలహమును తీర్చుటకు ఊరంతటిని రచ్చబండకడకు పిలిచిన పెద్దమనిషివలె, 2016 జూన్ 23న అడిగెను. నూటికి 51.9 పాళ్ళు పోదమనియు, 48.1 పాళ్ళు ఉందమనియు తీర్పు వచ్చెను. తెల్లవారగనే ఆయన రాజీనామా ప్రకటించెను. కొన్నాళ్ళకు తన వీధి గుమ్మమున నిలిచి, ఫలానా దినమున పదవి అప్పగింతునని విలేకరులకు జెప్పి, వెనుదిరిగి కూనిరాగము తీయుచు లోనికి బోయెను. చొక్కాకు తగిలించిన మైకు ఆ రాగమును లోకమునకెల్ల వినిపించెను. ఈ గ్రంథమంతటిలో జాగు లేక, చర్చ లేక, సవరణ లేక నెరవేరిన నిష్క్రమణము అదొక్కటియే.

వచ్చిన చిక్కంతయు ప్రశ్నలోనే యున్నది. ఉండుటయా, వీడుటయా అని రెండే మాటలు అందు గలవు. వీడి యెక్కడికి బోవుట యను మూడవ మాట లేదు. ఉమ్మడి కాపురమునుండి వేరుపడువారు మనలోను గలరు. కాని వారు వేరు పొయ్యి రాజేయుటకు ముందే బావి ఎవరిది, పశువుల కొట్టము ఎవరిది, పెరటి దారిని ఎవరు నడువవలెను అని నలుగురు పెద్దల యెదుట కాగితము వ్రాసికొందురు. ఇచ్చట కాగితము తరువాత, వేరుపడుట ముందు. పొయ్యి వేరైనను బావి ఉమ్మడియే యనుకొని ఓటు వేసినవారు కొందరు. బావిలోని నీరు కూడ అంటరాదని వేసినవారు కొందరు. వారము వారమును కూటమికి బోవు 35 కోట్ల పౌండ్లతో ఆసుపత్రులను పోషింపవచ్చునని ఎర్రని బస్సుపై వ్రాసినది చదివి వేసినవారు మరికొందరు. సుంకముల కూటమి వేరు, ఏకవిపణి వేరు. మొదటిదానిలో సభ్యదేశముల సరకు తమలో తమకు సుంకము లేక తిరుగును, బయటివారి సరకుపై అందరును ఒకే సుంకము వేయుదురు. రెండవదానిలో సరకుతోబాటు సేవయు, ధనమును, మనుష్యుడును అడ్డు లేక తిరుగును. ఈ భేదము దేశమున పెక్కుమందికి ఓటు వేసిన పిమ్మట గదా పాఠమైనది! ప్రజలననేల, ఈ పని కొరకే నియమింపబడిన మంత్రి డొమినిక్ రాబ్, డోవరునుండి కలే రేవునకు బోవు దారిపై తమ వర్తకము ఎంతగ ఆధారపడియున్నదో తనకు పూర్తిగ బోధపడలేదని 2018 నవంబరులో ఒప్పుకొనెను. ద్వీపమున బుట్టి పెరిగినవాడు చుట్టును నీరున్నదని నలుబదియైదవ యేట గుర్తించుట ఆత్మజ్ఞానములో ఒక మెట్టు.

ఆత్మజ్ఞానమనగా జ్ఞప్తికి వచ్చినది. కామెరాన్ పిదప ప్రధానియైన థెరిసా మే "బ్రెగ్జిట్ అనగా బ్రెగ్జిట్" అని ఉపదేశించినది. వేదాంతులు మాత్రమే యిట్టి మహావాక్యములను పలుకగలరు. వస్తువు అనిర్వచనీయమైనప్పుడు దానిని దానితోనే నిర్వచింపవలెను గదా. ఆమె 2017 మార్చి 29న వీడుకోలు లేఖ పంపగా, నిబంధన ప్రకారము సరిగ్గ రెండేండ్లకు, 2019 మార్చి 29కి, ప్రయాణ ముహూర్తము కుదిరినది. ముహూర్తము పెట్టుకొన్న యింటిలో మూట గట్టుకొనవలెను. ఈమె ఎన్నికలు పెట్టినది. ఉన్న మెజారిటీ ఊడిపోయి, ఉత్తర ఐర్లండుకు జెందిన పదిమంది సభ్యుల చిన్న పార్టీ దయపై నిలువవలసివచ్చెను. ఆ దయతోబాటు ఆ ప్రాంతమునకు నూరు కోట్ల పౌండ్లును మంజూరయ్యెను.

కథ ఐర్లండు పెరటిలో చిక్కుకొన్నది అచ్చటనే. ఉత్తర ఐర్లండు బ్రిటనులోనిది; దక్షిణమున నున్న ఐర్లండు రిపబ్లికు కూటమిలోనిది. నడుమ దాదాపు అయిదు వందల కిలోమీటర్ల సరిహద్దు, దానిని దాటు దారులు రెండు వందలకు పైమాట. ఒక రైతు ఇల్లు ఇటు, గడ్డివామి అటు. ఉత్తరమున పిదికిన పాలు దక్షిణమునకు బోయి వెన్నయై రావచ్చును. ఆవునకు గాని పాలకు గాని తాము దేశము దాటితిమను స్పృహ యుండదు. ముప్పది సంవత్సరముల రక్తపాతము పిమ్మట 1998 ఏప్రిల్ 10న కుదిరిన శాంతి ఒప్పందము ఆ గీతపై నున్న కావలి గోపురములను పడగొట్టించినది. ఇప్పుడు లండనువారి కోరిక లేమనగా: కూటమి వలదు, సుంకముల కూటమియు వలదు, అయినను ఈ గీతపై గోడ కట్టరాదు, తమ దీవులు రెంటి నడుమ సముద్రమునందును గోడ కట్టరాదు. పై నాలుగింటిని ఏకకాలమున సాధింపగల తాపీమేస్త్రీ ఐరోపాలో దొరకలేదు. మేస్త్రీ దొరకువరకు అందరును ఒకే సుంకములకింద నుందమని వ్రాసికొన్న ఆపద్ధర్మపు షరతుకు "బ్యాక్‌స్టాప్" అని పేరు. పేరు విన్నంతనే సగము సభకు మూర్ఛ వచ్చెను.

ఇచ్చట నాకొక పాత సంగతి స్ఫురించి, నవ్వు వచ్చుచుండగనే ఆగిపోవును. 1611లో మా బందరులో కొట్టు పెట్టుకొనుటకు వచ్చిన వర్తకుల సంతతివారు, వర్తకము మాని రాజ్యము చేసి, ఎట్టకేలకు 1947లో పోవునప్పుడు, పంజాబును వంగదేశమును చీల్చు గీతను గీయుటకు రాడ్‌క్లిఫ్ అను న్యాయవాదిని రప్పించిరి. ఆయన అంతకుముందు ఈ దేశమున అడుగుపెట్టి యెరుగడు. కోట్లకొలది జనుల ఇండ్లు, పొలములు, బావులు, బళ్ళు, శ్మశానములు ఏ వంక బోవలెనో నిర్ణయించుటకు ఆయనకిచ్చిన గడువు అయిదు వారములు. పని అయిదు వారములలో ముగిసినది కూడ. ఆ జాతియే, ఒక పాల బండి దాటు దారి విషయమున మూడేండ్లు తల బట్టుకొని కూర్చుండుట చూచి, ఆ శ్రద్ధలో ఒక పిసరు మనకును దక్కియుండరాదా యని నాబోటి బందరువాడు అనుకొనినచో తప్పు పట్టకుడు. ఇల్లు పరాయిదైనప్పుడు గోడ త్వరగ లేచును.

ఇక పార్లమెంటు. కూటమితో కుదుర్చుకొన్న 585 పుటల ఒప్పందమును ప్రధాని సభ ముందుంచగా, 2019 జనవరి 15న 432 మంది వలదనిరి, 202 మంది కావలెననిరి. 230 ఓట్ల తేడాతో ఆధునిక కాలమున ఏ ప్రభుత్వమును అట్లు ఓడలేదు. మరునాడు ఆ సభయే ఆమెపై తమకు విశ్వాసము గలదని 19 ఓట్ల ఆధిక్యముతో తీర్మానించినది! అనగా, నీ మాట వినము, నీవు పోరాదు. మార్చి 12న అదే ఒప్పందమును మరల తేగా మరల ఓడించిరి. మూడవమారు తేబోగా సభాపతి జాన్ బెర్కో "ఆర్డర్, ఆర్డర్" అని గర్జించి, ఒక సమావేశమున ఒకే ప్రశ్నను మరల మరల అడుగరాదను ఆచారము 1604నాటినుండి గలదని, ఎర్‌స్కిన్ మే వ్రాసిన సభాసంప్రదాయ గ్రంథమును ఉదాహరించెను. పందొమ్మిదవ శతాబ్ది మే ఇరువదియొకటవ శతాబ్ది మేను ఆపిన ఆ దృశ్యము చూచి, ఆ గ్రంథము పేరు మన శాసనసభలలో "అధ్యక్షా!" యని లేచినవారి నోట విని విని యుండుటచేత, నాకు దూరపు బంధువును టీవీలో చూచినట్లయ్యెను. ఒప్పందమును ఆమోదించినచో తాను పదవి వీడెదనని సైతము ఆ ఇల్లాలు స్వపక్షమునకు మాట యిచ్చినది. మార్చి 29న, అనగా ప్రయాణ ముహూర్తము నాడే, మూడవమారు ఓడించిరి.

ప్రభుత్వము వలన గానిచో మేమే మార్గము వెదకెదమని సభ్యులు నడుము గట్టినది నడుమ మార్చి 27న. ఎనిమిది మార్గములను కాగితముపై పరచి ఒక్కొక్కదానికే ఓటు వేసిరి. ఒప్పందము లేకయే పోవుట? కాదు. సుంకముల కూటమిలో నుండుట? కాదు. ప్రజలను మరల అడుగుట? కాదు. ప్రయాణమే రద్దు చేసికొనుట? కాదు. ఎనిమిదింటికి ఎనిమిదియు కాదు. ఉపనిషదృషులు పరబ్రహ్మమును "నేతి, నేతి" యని తెలిసికొన్న పద్ధతి ఇదియే గదా. ఇది కాదు, ఇది కాదు అని త్రోసివేయగా మిగిలినదే సత్యము. లండనులో త్రోసివేయగా ఏమియు మిగులలేదు. ఏప్రిల్ 1న నాలుగు మార్గములు మరల పెట్టిరి. నాలుగును పోయెను, సుంకముల కూటమి మూడే ఓట్ల తేడాతో. ఏప్రిల్ 3న ఒక సవరణకు 310, 310 వచ్చి, సభాపతి తన ఓటుతో "కాదు" పక్షమును నిలబెట్టెను. ఏప్రిల్ 4న సభామందిరపు పైకప్పునుండి నీరు ధారగట్టి కారగా సభను ఆ దినమునకు చాలించిరి. నా యెరుకలో ఆ వసంతమున ఆ భవనమునుండి నిరాటంకముగ వెలువడినది ఆ జలమొక్కటియే.

వెలుపల సన్నాహములు జరుగకపోలేదు. ఒప్పందము లేక పోవలసివచ్చినచో సరకు రవాణాకని 138 లక్షల పౌండ్ల కాంట్రాక్టును ఒక కంపెనీకి ఇచ్చిరి. దానికి ఓడలు లేవు. రేవులకడ లారీలు నిలిచిపోయినచో ఎట్లని కెంటు మండలమున ఒక పాత విమానాశ్రయమునుండి నమూనా రద్దీ సృష్టింపబోగా 89 లారీలు వచ్చినవి. మా బందరు రోడ్డున లెవెల్ క్రాసింగు గేటు వేసిన అయిదు నిమిషములకు అంతకంటె ఎక్కువ నిలుచును, ఏ ప్రభుత్వ వ్యయమును లేక.

వీధులలో వాదము వేరు. పోదమను పక్షము "ప్రజాతీర్పు" అనును. మరల అడుగుదమను పక్షమును "ప్రజాతీర్పు" అనియే అనును. ప్రయాణము రద్దు చేయుడని అరువది లక్షల మంది సంతకములు చేసిరి. ఒక దేశము ఒక కూటమిని వీడదలచుట పాపము గాదు; అందు నుండదలచుట బానిసత్వమును గాదు. కాని ఇరుపక్షములును ప్రజను దేవతను చేసి, ఆ దేవత పూనకములో ఒక్క మాట పలుకగనే నోట గుడ్డ కుక్కి, దాని భావము మేము చెప్పెదమని పూజారులు బయలుదేరుట మన జాతరలలో చూచినదే.

ముహూర్తము మార్చి 29నుండి ఏప్రిల్ 12కును, అచ్చటనుండి అక్టోబరు 31కిని జరిగినది. ఆ అక్టోబరు దినము వారి భూతప్రేతముల పండుగ యగుట కేవలము కాకతాళీయమని కూటమివారు చెప్పుదురు. మే వెడలిపోగా బోరిస్ జాన్సన్ వచ్చెను. 2016లో పోదమని యొక వ్యాసము, ఉందమని యొక వ్యాసము వ్రాసి దగ్గర నుంచుకొని, మొదటిదానిని అచ్చునకిచ్చిన దూరదర్శి. గడువు పొడిగింపుమని అడుగుటకంటె గుంటలో పడి చచ్చుట మేలనెను. పార్లమెంటును కొన్ని వారములు మూయించెను. అది చెల్లదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదునొకండుగురు ఏకకంఠమున తీర్పు చెప్పిరి. చట్టము మెడమీద కూర్చుండగా గడువు కోరు లేఖను సంతకము లేకయే పంపి, గడువు వలదను లేఖను సంతకముతో పంపెను. గుంట అట్లే యున్నది.

ఈ లోపల టంకసాలలో "2019 అక్టోబరు 31" అను తేదీతో యాభై పెన్నీల స్మారక నాణెములు పోసియుంచిరి. శాంతి, సమృద్ధి, సకల దేశములతోడి మైత్రి అని వానిపై చెక్కించిరి. తేదీ తప్పుటచే సుమారు పది లక్షల నాణెములను మరల కొలిమిలో వేసి కరగించి, 2020 జనవరి 31 అను తేదీతో క్రొత్తవి పోసిరి. మన పంచాంగకర్త ముహూర్తము తప్పినచో శుభలేఖలు వృథాయగును. వారికి లోహము గనుక కరగినది. ఆ రాత్రి బిగ్ బెన్ గంట మ్రోగవలెనని ముచ్చటపడగా, మరమ్మతులలో నున్న గంటను మ్రోగించుటకు అయిదు లక్షల పౌండ్ల దాక ఖర్చగునని తేలెను. ప్రధాని ఇంటి గోడపై గడియారపు బొమ్మను వెలుగుతో చూపి, రికార్డు చేసిన గంట వినిపించిరి.

వారికి రాత్రి పదునొకండు గంటలు. మనకు తెల్లవారుజామున నాలుగున్నర. మాస్టారు ఆ దినము పాలకు బోకముందే మా అరుగెక్కిరి. నేను కిటికీనుండియే కేకవేసితిని.

"వెళ్ళారు మాస్టారూ! నిజంగానే వెళ్ళారు!"

"ఏమని వెళ్ళారు? పోతామనా, వెళ్ళొస్తామనా?"

"అది ఇంకా తేల్చలేదండీ. డిసెంబరు 31 దాకా సుంకాలూ, చట్టాలూ, కట్టే డబ్బూ అన్నీ ఉమ్మడేనట. అప్పటిదాకా మాట్లాడుకుంటారట."

మాస్టారు మెట్టుపై కూర్చుండి కొంతసేపు ఆలోచించి, మోకాళ్ళపై చేతులూని లేచిరి.

"అయితే రెండో చెప్పు ఇంకా దొరకలేదన్నమాట," అని పాల కొరకు వెడలిరి.