కోతలరాయుడి అంబాసిడర్

మా ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే పక్కింటి కుర్రాణ్ణి పిలుస్తారు. సుత్తి నా చేతికిస్తే గోడకీ ప్రమాదం, వేలికీ ప్రమాదం అని మా ఆవిడ ఏనాడో తేల్చేసింది. అలాంటి నేను, మామగారు ముచ్చటపడి ఇచ్చిన 1972 మోడల్ అంబాసిడర్ మార్క్-2 టాపు నాలుగంగుళాలు కోయించి కిందికి దించుతానని ఒక ఆదివారం పెసరట్టు తింటూ ప్రకటించాను. ఎవరూ తలెత్తలేదు. అల్లం చట్నీ మాత్రం నా వైపు జరిపారు.

ఈ జబ్బు నాకు లాస్ ఏంజెలెస్ నుంచి అంటింది. అక్కడ బారిస్ సోదరులని ఇద్దరు ఉండేవారు. 1952లో బాబ్ హిరోహటా అనే కుర్రాడు 1951 మోడల్ మెర్క్యురీ కారు తెచ్చిస్తే, దాని టాపు ముందు వైపు నాలుగంగుళాలు, వెనక వైపు ఏడంగుళాలు దించారు. తలుపుల మధ్య స్తంభాలు పీకేశారు. హెడ్‌లైట్లు బాడీలోకి కూరుకుపోయినట్టు అమర్చారు. పక్కలకు బ్యూక్ కారు పట్టీలు తగిలించి, రెండు రకాల ఆకుపచ్చ పూశారు. అదే కారు 2022 వేలంలో 21 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఈ అంకె ఇంట్లో బాగా పనిచేస్తుందనుకున్నాను. మా ఆవిడ కూర తరుగుతూ వింది. "వాళ్లది కోశాక రేటు పెరిగింది. మనది కోశాక తూకానికి పోతుంది" అంది.

నిజానికి అంబాసిడర్‌కి ఉన్న గొప్పంతా ఆ టాపులోనే ఉంది. నేల నుంచి అయిదడుగుల పైచిలుకు ఎత్తు. పంచె కట్టిన పెద్దాయన వంగకుండా ఎక్కొచ్చు. జడ నిండా పూలు పెట్టుకున్న పెళ్లికూతురు పూలు నలగకుండా కూర్చోవచ్చు. మంత్రుల దగ్గర్నుంచి మా ఊరి మునసబు దాకా అందరూ నిటారుగా కూర్చుని వెళ్లింది అందుకే. సరిగ్గా దాన్నే కోయాలన్నది నా కోరిక. కారణం అడిగితే అందం, ఆకృతి, గాలివాలు అని ఏవేవో చెబుతాను. అసలు సంగతి వేరు. యాభై దాటిన మనిషి వైపు సిగ్నల్ దగ్గర ఎవరూ తల తిప్పి చూడరు. టాపు కోసిన కారులో ఉంటే చూస్తారు. బట్టతల కూడా కనబడదు.

బెజవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన లారీ క్యాబిన్లు కట్టి కట్టి చేతులు కాయలు కాసినవాడు. నా సెల్‌ఫోన్‌లో మెర్క్యురీ బొమ్మ చూసి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సుద్దముక్కతో అద్దాల స్తంభాల మీద రెండేసి గీతలు గీశాడు.

"ఈ రెండు గీతల మధ్య ముక్క తీసేస్తే టాపు కిందికి దిగిపోద్ది సార్. కానీ స్తంభాలు నిటారుగా లేవు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉన్నాయి. దిగిన టాపు కింది మొండేలకు అందదు."

"మరి?"

"టాపుని నడిమికి అడ్డంగా కోసి, రేకు అతికి పొడుగు చెయ్యాలి."

పొట్టి చేయడానికి ముందు పొడుగు చేయాలన్న మాట. అతుకుల్లో పూర్వం అమెరికా వాళ్లు సీసం కరిగించి పోసి, ఆకురాయితో నున్నగా రాసేవారు. ఆ బరువు కార్లకు 'లెడ్ స్లెడ్' అనే పేరు వచ్చింది అందుకే. ఇదంతా మేస్త్రికి నేను వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "మనం పుటీ పెడదాం లెండి" అన్నాడు. ఆ తరవాత వెనక అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. "దీని సంగతేంటి సార్? వంపు తిరిగిన అద్దం. టఫెన్డ్ అయితే కోయడానికి ఉండదు. కట్టర్ దిగిందంటే పటికబెల్లంలా పలుకులు పలుకులుగా రాలిపోద్ది."

అద్దం దగ్గర ఆగిన నన్ను చట్టం దగ్గర మా అబ్బాయి కూలదోశాడు. కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుందట. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పిందట. పైగా 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం, యాభై ఏళ్లు దాటిన సొంత కారు చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా ఉంటే, 20 వేలు కట్టి 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటుతో వింటేజ్ హోదా తెచ్చుకోవచ్చు. "అంటే నాన్నా, ఏమీ చేయకుండా ఊరుకుంటేనే గౌరవం" అన్నాడు. మా ఇంట్లో నాకు ఈ సూత్రం కొత్త కాదు.

అయినా పట్టు వదల్లేదు. కారు కోయకముందు ఫొటో కోసి చూసుకోవాలన్నది ఈ విద్యలో పెద్దల పద్ధతి. కారు పక్కవాటుగా పూర్తిగా కనబడే ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది, మా అప్పగింతలది. కారు కిటికీలో మామగారు, పక్కన నిలబడి పెళ్లికూతురు. స్కేలు పెట్టి లెక్కగట్టాను. నాలుగంగుళాలంటే ఫొటోలో గోరంత పట్టీ. కిటికీల మధ్యగా ఈ చివర నుంచి ఆ చివరకు కత్తెర వేసి, పట్టీ తీసేసి, పై ముక్కను కింది ముక్కకు అంటించాను. కారు అద్భుతంగా వచ్చింది. దొంగచాటుగా పాకుతున్న పులిలా ఉంది. మామగారికి మాత్రం కళ్ల కిందే మీసం మొలిచింది. పెళ్లికూతురికి మెడ పోయి, తల భుజాల మీద కూర్చుంది.

మా ఆవిడ ఫొటోను వెలుతురుకు పెట్టి చూసింది. "నా కాసులపేరేదీ?" అంది.

చెత్తబుట్ట వెతికాం. కాసులపేరూ మామగారి ముక్కూ ఒకే పట్టీలో దొరికాయి. అప్పటికే ఊరి నుంచి వచ్చి వరండాలో కూర్చున్న మామగారు కళ్లజోడు సవరించుకుని ఆ కొత్త ఫొటో పరిశీలించారు.

"కారు బాగానే ఉంది అల్లుడుగారూ. దీంట్లో ఎక్కాలంటే ముక్కు ఇంట్లో పెట్టి రావాలి కాబోలు!"

ఆ తరవాత కారు మీద సుద్దగీతలు కూడా తుడిచేశారు. కానీ నాకు లోటేమీ లేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో "మన అంబాసిడర్ టాపు చాప్ చేయిస్తున్నా" అని అంటించగానే నలుగురూ కుర్చీలు దగ్గరికి లాక్కుంటున్నారు. హిరోహటా, సీసం, వంపు అద్దం అన్నీ వరసగా వదులుతాను. ఏ సిగ్నల్ దగ్గరా దొరకని చూపులు ఇక్కడ కాణీ ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి.

మొన్న మా బావమరిది వచ్చి, "పని ఎందాకా వచ్చింది బావగారూ?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే కాఫీ గ్లాసులతో మా ఆవిడ వచ్చింది.

"కోతలు రోజూ జరుగుతూనే ఉన్నాయిరా తమ్ముడూ. హాల్లోనే అయిపోతున్నాయి, షెడ్డు దాకా మిగలడం లేదు."