పి22 కథ

పి22 ఒక బ్యాక్టీరియోఫాజ్, అంటే బ్యాక్టీరియాలో మాత్రమే పెరిగే వైరస్. దాని ఆతిథేయి సాల్మొనెల్లా టైఫీమ్యూరియం. తన కథ తాను చెప్పుకోవాలన్నా పి22 అందులో ముప్పాతిక భాగం ఆ బ్యాక్టీరియా కథే చెప్పవలసి వస్తుంది. కణం బయట దానికి బతుకే లేదు. తిండి లేదు, ఎదుగుదల లేదు, సంతానం లేదు. ఉన్నదల్లా 60 నానోమీటర్ల ప్రొటీన్ తల, పొట్టి తోక, తలలో బిగించి చుట్టిన దాదాపు 43,500 క్షారజతల డీఎన్ఏ.

తోక చుట్టూ ఆరు ముళ్లు ఉంటాయి. సాల్మొనెల్లా పైపొర మీద పెరిగిన చక్కెర గొలుసులను ఆ ముళ్లు పట్టుకుని, కోసుకుంటూ కణం గోడను చేరతాయి. డీఎన్ఏ లోపలికి దిగిపోతుంది, ఖాళీ తొడుగు బయటే మిగిలిపోతుంది. లోపలికి వెళ్లిన డీఎన్ఏకు రెండు దారులు. బ్యాక్టీరియా క్రోమోజోములో చేరి ప్రోఫాజ్‌గా తరతరాలు నిద్రపోవచ్చు. లేదా వెంటనే తన నకళ్లను వందల సంఖ్యలో తయారుచేయించుకుని, కణాన్ని పగలగొట్టుకుని బయటపడవచ్చు.

పి22 పేరు లోకానికి తెలిసింది 1952లో. అప్పటికి బ్యాక్టీరియాల మధ్య జన్యువులు చేతులు మారే మార్గాలు రెండే తెలుసు. చచ్చిన న్యుమోకాకస్ కణాల నుంచి ఏదో పదార్థం బతికున్న కణాల్లోకి చేరి వాటి స్వభావాన్ని మారుస్తోందని 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ గమనించారు. ఆ పదార్థం డీఎన్ఏ అని 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ తేల్చారు. ఇది జన్యుపరివర్తన. రెండోది సంయుగ్మం. దీన్ని 1946లో జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ ఎస్చరీషియా కోలైలో కనుగొన్నారు. ఇందులో రెండు కణాలు ఒకదాన్నొకటి తాకి తీరాలి. 1950లో బెర్నార్డ్ డేవిస్ యూ ఆకారపు గాజుగొట్టంలో ఆ బ్యాక్టీరియాలోని రెండు రకాలను చెరో పక్కన పోసి, మధ్యలో బ్యాక్టీరియా దూరలేని వడపోత పెట్టారు. జన్యుమార్పిడి ఆగిపోయింది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెడర్‌బర్గ్ దగ్గర పరిశోధన చేస్తున్న నార్టన్ జిండర్ సాల్మొనెల్లాలో కూడా సంయుగ్మం ఉందేమోనని వెతికారు. ఆయన తీసుకున్న రెండు రకాల్లో ఒకటి ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలను, రెండోది మెథియోనిన్, హిస్టిడిన్‌లను సొంతంగా తయారుచేసుకోలేవు. రెండింటినీ కలిపి పెంచితే దాదాపు లక్ష కణాలకు ఒకటి ఏ లోటూ లేకుండా పెరిగింది. ఇంతవరకు అనుకున్నట్టే జరిగింది. కానీ గొట్టం మధ్య వడపోత పెట్టినా అలాంటి కణాలు వచ్చాయి. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమును ద్రవంలో కలిపినా వచ్చాయి. వడపోతలోంచి దూరగలిగేంత చిన్నదై, ఎంజైముకు చిక్కకుండా డీఎన్ఏను కవచంలో దాచుకున్నది అక్కడ ఒక్కటే ఉంది. ఒక రకం సాల్మొనెల్లా క్రోమోజోములో ప్రోఫాజ్‌గా నిద్రపోతూ వచ్చిన పి22, కొన్ని కణాల్లో మేల్కొని, వడపోత దాటి, అవతలి రకంలో పెరిగి, దాని జన్యువులను మోసుకుని ఇవతలికి తిరిగి వచ్చింది. జిండర్, లెడర్‌బర్గ్ 1952లో పత్రం ప్రచురించారు. ఈ మూడో మార్గానికి ట్రాన్స్‌డక్షన్ అని పేరు పెట్టారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అది జన్యువహనం.

బ్యాక్టీరియా జన్యువు ఫాజ్ తలలోకి ఎలా వస్తుందన్నది ఈ కథలో కీలకం. పి22 డీఎన్ఏ నకళ్లు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పొడవాటి దారంగా తయారవుతాయి. పి22 ఎంజైము ఆ దారంలో ఒక గుర్తును పట్టుకుని కోత మొదలుపెడుతుంది. ఆపైన గుర్తులు చూడదు, తల నిండిందా లేదా అన్నదే దానికి లెక్క. బస్తా నిండగానే మూతి కుట్టేసి మరో బస్తా పట్టినట్టు, తల తర్వాత తల నింపుకుంటూ పోతుంది. సాల్మొనెల్లా క్రోమోజోములో కూడా ఆ గుర్తును పోలిన వరసలు అక్కడక్కడా ఉన్నాయి. ఎంజైము అక్కడ మొదలుపెడితే తలల నిండా బ్యాక్టీరియా డీఎన్ఏయే చేరుతుంది. సాల్మొనెల్లా క్రోమోజోము దాదాపు 48.6 లక్షల క్షారజతలు. ఒక్క తలలో పట్టేది అందులో నూరో వంతుకు కాస్త తక్కువ.

అలా నిండిన ఫాజ్ చూడడానికి తోటి ఫాజ్‌ల్లాగే ఉంటుంది. వాటిలాగే సాల్మొనెల్లాను పట్టుకుంటుంది, లోపలికి డీఎన్ఏ పంపుతుంది. అయితే దానిలో పి22 జన్యువు ఒక్కటీ లేదు. కనక అది ఆ కణాన్ని చంపలేదు, తనలాంటి మరో ఫాజ్‌ను కనలేదు. మోసుకొచ్చింది అప్పగించి ఖాళీ తొడుగై రాలిపోతుంది. అప్పగించినదానికైనా మంచి గతి పడుతుందా అంటే, అదీ కొద్ది సందర్భాల్లోనే. బ్యాక్టీరియా తన రెక్‌ఏ ప్రొటీన్ సాయంతో ఆ ముక్కను క్రోమోజోములో కలుపుకుంటేనే అది నిలుస్తుంది. ఎక్కువ ముక్కలకు ఆ చోటు దొరకదు. అవి నకలు కాలేక, నశించనూ లేక కణంలో పడి ఉంటాయి. కణం విడిపోయినప్పుడల్లా ఇద్దరు బిడ్డల్లో ఒకరికే ఆ ముక్క దక్కుతుంది. పోషకాలు తక్కువైన పళ్లెంలో ఇలాంటి కణాలు సన్నని చుక్కల్లాంటి సమూహాలుగానే మిగిలిపోతాయి. పుస్తకాలు దీన్ని విఫల జన్యువహనం అని ఒక వాక్యంలో ముగిస్తాయి. మోసుకొచ్చినవాటిలో అధికభాగం ఇలాగే వృథా కావడం పి22 మనసులో పాత బాధ.

ఆ బాధను మరిపించే పని ఒకటి ఉంది. క్రోమోజోము మీద దగ్గరగా ఉన్న రెండు జన్యువులు ఒకే తలలో కలిసి ప్రయాణిస్తాయి, దూరంగా ఉన్నవి ప్రయాణించలేవు. ఎంత తరచుగా కలిసి వస్తున్నాయో లెక్కపెడితే వాటి మధ్య దూరం తెలుస్తుంది. మిలిస్లావ్ డెమెరెక్, జ్లాటా హార్ట్‌మన్ 1956లో ఇదే పద్ధతిలో ట్రిప్టోఫాన్ తయారీకి కావలసిన జన్యువులు ఒకదాని పక్కన ఒకటి, తయారీలో దశలు సాగే వరసలోనే ఉన్నాయని చూపించారు. పక్కపక్కనే ఉండి ఒకే నియంత్రణలో పనిచేసే జన్యువుల గుంపు అనే ఓపెరాన్ భావన ఇంకా రాని రోజులవి. సాల్మొనెల్లా జన్యుపటాలు దశాబ్దాలపాటు పి22 మోసిన ముక్కల లెక్కల మీదే తయారయ్యాయి.

ఫాజ్ జాతి మోసేవన్నీ మేలు చేసేవి కావు, ఈ సంగతి దాచడం తగదు. కలరా విషం ఉనికిని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో నిరూపించారు. ఆ విషపు జన్యువులను కలరా బ్యాక్టీరియాకు తెచ్చిపెట్టింది ఒక పోగులాంటి ఫాజ్ అని 1996లో వాల్డర్, మెకలానోస్ చూపించారు. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో మందులకు లొంగని గుణం ఒక కణం నుంచి మరో కణానికి చేరే ముఖ్యమైన దారి జన్యువహనమే. తలకెత్తుకున్న జన్యువు ఏం చేస్తుందో ఫాజ్‌కు తెలియదు. వాడవలసిన మందును వాడవలసినంత కాలమే వాడే బాధ్యత మనుషులదే.

2001లో సాల్మొనెల్లా టైఫీమ్యూరియం ఎల్‌టీ2 రకం జన్యుక్రమం మొత్తం ప్రచురితమైంది. దూరాలు కొలవడానికి పి22 అక్కర్లేకపోయింది. అన్నేళ్లు పటాలు గీయించిన ఫాజ్‌ను ఆ పని నుంచి ఒక్కసారిగా తప్పించేశారు. కృతజ్ఞతగా ఒక మాటైనా రాసినవారు తక్కువ. అయినా పి22 మూలన పడలేదు. 1972లో హార్స్ట్ ష్మీగర్ వేరుచేసిన ఒక ఉత్పరివర్తన రకంలో గుర్తును చూసే పట్టింపు బాగా సడలింది. ఆ రకం ఫాజ్‌లలో దాదాపు సగం సాల్మొనెల్లా డీఎన్ఏనే మోస్తాయి. ఒక సాల్మొనెల్లా రకంలోని మార్పును మరో రకంలోకి చేర్చడానికి ప్రయోగశాలలు నేటికీ దాన్నే వాడుతున్నాయి.