నేను మోడెమ్‌ను

మెదక్‌లో రాందాస్ చౌరస్తాకు దగ్గరగా ఒక ఎరువుల డిపో. బిల్లులు రాసే బల్ల మీద, ఫోనుకూ కంప్యూటర్‌కూ నడుమ నా చోటు. స్టాకు, డీలర్ల బాకీలు, లారీల లెక్కలు అన్నీ హైదరాబాద్ హెడ్డాఫీసులోని ఏఎస్/400లో ఉండేవి. ఐబీఎం 1988లో తెచ్చిన యంత్రమది. వంద కిలోమీటర్ల ఇవతలి డిపోను దానితో మాట్లాడించడం నా ఉద్యోగం.

రోజంతా తెరిచి ఉండే లీజ్డ్ లైను తీసుకోవచ్చు, కానీ వాడినా వాడకున్నా అద్దె కట్టాలి. లారీలు లోడయ్యే వేళకే పని కనుక, ఫోన్ చేసి పనయ్యాక పెట్టేసే పద్ధతే మావాళ్లు ఎంచుకున్నారు. సరైన లెక్కే. మొదట్లో ఎస్‌డీఎల్‌సీ పద్ధతిలో నడిచాం. దానికి పీసీలో ప్రత్యేకమైన కార్డు కావాలి, రెండు మోడెమ్‌లూ ఒకే గడియారానికి కట్టుబడాలి. 1990ల చివర్లో ఏఎస్/400కు పీపీపీ అనే పద్ధతి వచ్చాక మామూలు సీరియల్ పోర్టుతోనే పని జరిగింది.

నా వేగం సెకనుకు 9,600 బిట్లు. ఇంత సన్నని తీగ మీద వ్యాపారం నడిచిందంటే ఆ గొప్ప ఏఎస్/400ది కూడా. దాని పచ్చ తెర 24 వరుసలు, వరుసకు 80 గళ్లు. అన్నీ నిండినా 1,920 అక్షరాలే, రెండు సెకన్ల పని. మా గుమాస్తా ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా లైను కదలదు. ఫారమంతా నింపి ఎంటర్ నొక్కాకే ఒక్కసారిగా వెళ్తుంది. పొదుపు తెలిసినవాళ్లు కట్టిన యంత్రమది.

భద్రత కూడా గట్టిదే. నేను ఫోన్ చేయగానే అవతలి మోడెమ్ మమ్మల్ని గుర్తుపట్టి లైను కోసేసేది, తన దగ్గర రాసి ఉన్న మా నంబరుకు తిరిగి తనే చేసేది. పాస్‌వర్డు దొంగిలించి వేరే ఊరి నుంచి చేసినవాడికి ఆ తలుపు తెరుచుకోదు. పైగా ఎస్‌టీడీ బిల్లు హెడ్డాఫీసు మీదే పడేది.

వానాకాలమే కష్టం. తీగలో గరగర మొదలైతే పంపిన ముక్కనే మళ్లీ మళ్లీ పంపాలి. దానికి తోడు పక్క గదిలో అదే లైనుకు ఇంకో ఫోను. ఎవరైనా ఎత్తారంటే, లైను కలిసి ఉందని చూపే నా సీడీ లైటు ఆరిపోతుంది. "అన్నా, జర ఫోన్ ఎత్తకుండ్రి, హైదరాబాద్ లైన్ల ఉన్నది" అని గుమాస్తా అరుస్తుండేవాడు. గేటు దగ్గర లారీ డ్రైవరు చలాన్ కోసం నిలబడి ఉంటే, ఆ లైటు తిరిగి వెలిగేదాకా నాకూ ఊపిరాడనట్టే ఉండేది.

56కే మోడెమ్ తెద్దామని ఒకసారి మాట వచ్చింది. అవతలి కొసన డిజిటల్ లైను ఉంటేనే ఆ వేగం. రెండు కొసలా మామూలు ఫోను తీగలుంటే 33.6 కిలోబిట్లే గరిష్ఠం. ఆ సంగతి తెలిసి ఊరుకున్నారు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక నన్ను అలమారా ఎక్కించారు. నంబరు చూసి తిరిగి ఫోన్ చేసే కాపలా పోయి, దాని బదులు వీపీఎన్ వచ్చింది. ఒక యాసంగిలో రోడ్డు తవ్వి కేబుల్ తెంపారు. యూరియా లారీలు గేటు దగ్గర ఆగాయి. గుమాస్తా నన్ను దించి, దుమ్ము తుడిచి, పాత ఫోను తీగ గుచ్చాడు. హెడ్డాఫీసులో నా జోడు మోడెమ్‌ను ఇంకా తీసేయలేదు. చీకటి పడేలోగా చలాన్లన్నీ అచ్చయ్యాయి, లారీలు కదిలాయి.