ఒక హాస్టల్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పరీక్ష రేపే కదా, రాత్రికి ఒకసారి చూసేస్తే చాలు.

అవతారిక: ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో సెమిస్టర్ పరీక్షల ముందు సాయంత్రం వినబడే సూత్రమిది. కర్త ఎవరో తెలియదు కనుక అపౌరుషేయం. ప్రతి బ్యాచీ సీనియర్ల నోట వింటుంది కనుక శ్రుతి. సప్లీ ఫీజు కట్టేటప్పుడు గుర్తుకొస్తుంది కనుక స్మృతి కూడా. దీనికి విషయం చదువు, ప్రయోజనం గ్రేడు, అధికారి విద్యార్థి. ఆ చదువుకూ ఆ గ్రేడుకూ సంబంధమేమిటో తేల్చడమే ఈ టీక పని.

ప్రతిపదార్థం: పరీక్ష = ఐదు యూనిట్ల సిలబస్ మీద మూడు గంటల విచారణ; రేపే కదా = టైంటేబుల్ ఎప్పుడో వచ్చినా ఇవాళే తెలిసినట్టు (ఏకారం ఆశ్చర్యార్థకం); రాత్రికి = మెస్సులో భోజనమయ్యాక; ఒకసారి = మొట్టమొదటిసారి; చూసేస్తే = జిరాక్సు నోట్సు మీద కళ్లు నడిపించి, ముఖ్యమనిపించిన ప్రతి వాక్యానికీ పసుపు హైలైటర్ పూసి, చివరికి పూయని వాక్యమే ప్రత్యేకంగా కనబడేటట్టు చేస్తే; చాలు = గట్టెక్కుతాం.

టీక: ఈ సూత్రానికి ప్రాణం క్రియాపదంలో ఉంది, రోగమూ అక్కడే ఉంది. ‘చూసివేయు’లో ‘వేయు’ పని ముగిసిందని చెప్పే అనుబంధ క్రియ. దాని అసలు అర్థం పడవేయడం. చూడటం, పడేయడం ఒకే ఊపులో జరిగిపోతాయని వ్యాకరణమే చెబుతోంది. దీనికి ఎదురుగా వీధిబడి నాటి మాట ఒకటుంది: పాఠం అప్పజెప్పడం. అప్పజెప్పడమంటే ఒకరి సొత్తు తిరిగి వారి చేతికివ్వడం. మన దగ్గరున్నదే అప్పజెప్పగలం. నగల కొట్టు అద్దంలోంచి చూసిన గొలుసును ఎవరికి అప్పజెబుతాం? పరీక్ష హాలులో అడిగేది చూశావా అని కాదు, అప్పజెప్పమని. కనుక గ్రేడు కోరేవాడు రోజూ సాధన చేయవలసిందీ అదే.

ఇది పంతుళ్ల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. 2006లో అమెరికా సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు ఒక వచన భాగమిచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. సగటున పద్నాలుగుసార్లు చదివేసింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాలకు పరీక్షిస్తే చదివిన జట్టుకు 83 శాతం, రాసిన జట్టుకు 71 శాతం గుర్తున్నాయి. వారం తర్వాత పరీక్షిస్తే చదివిన జట్టుకు 40, రాసిన జట్టుకు 61. అన్నిటికన్నా విచిత్రం, బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా పడింది ఓడిపోయిన జట్టే. పదేపదే చూసిన పేజీ ముఖపరిచయమవుతుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞానమని పొరబడతాం.

ఇక ‘చాలు’లో శ్లేష ఉంది. నాగలి గీసే గీతకూ చాలు అనే పేరు. ఒక్క చాలుతో పొలం విత్తనానికి రాదు. సాలు దున్నాక ఇరువాలు, అంటే రెండో చాలు, దున్నాలి. చదువుకూ అంతే. 2013లో మనస్తత్వ పరిశోధకుడు డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది చదువు పద్ధతులను తూచినప్పుడు హైలైటర్ పూయడం, తిరగ చదవడం కింది వరుసలో మిగిలాయి. తమను తాము పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం పైవరుసకు ఎక్కాయి.

శంక: రాత్రి చూసి పొద్దున్నే రాసి పాసైనవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా? సమాధానం: ఉన్నారు. ఐదు నిమిషాల లెక్కలో చూపే గెలిచిందని మేమూ ఒప్పుకున్నాం. కానీ అదే పరిశోధనలో రెండు రోజులకే తక్కెడ రాత వైపు మొగ్గింది. మిడ్‌కు చూసేసిన యూనిట్లు సెమిస్టర్ చివర మళ్లీ ఎదురవుతాయి. ఈ ఏడు గట్టెక్కిన సీ ప్రోగ్రామింగ్ డేటా స్ట్రక్చర్స్‌లో వడ్డీతో సహా వసూలుకొస్తుంది.

శంక: అప్పజెప్పడమంటే బట్టీయే కదా? సమాధానం: కాదు. బట్టీలో మాట ముఖ్యం, అప్పజెప్పడంలో సొత్తు ముఖ్యం. పుస్తకం మూసి లెక్కను మొదటి మెట్టు నుంచి తెల్లకాగితం మీద కట్టుకురావడం, సూత్రం ఎందుకలా వచ్చిందో సొంత మాటల్లో చెప్పడం కూడా అప్పజెప్పడమే. ఎక్కడ కలం ఆగిందో అక్కడ పుస్తకం తెరవాలి.

శంక: మరి ఏకసంథాగ్రాహుల మాటేమిటి? సమాధానం: అలాంటివాళ్లు చేసే అష్టావధానాన్నే చూడండి. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో అవధాని పద్యమంతా ఒకేసారి చెప్పడు. ఆవృత్తానికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక పాదం చెబుతాడు. నడుమ అప్రస్తుత ప్రసంగి అడ్డుపడుతుంటాడు. మళ్లీ ఆ అంశం అడిగిన పృచ్ఛకుడి వంతు రాగానే వెనకటి పాదాన్ని మనసులోంచి తీసి, దానికి తర్వాతి పాదం అతకాలి. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి. ఎడమిచ్చి, కాగితం చూడకుండా, పదేపదే తీయడమే అక్కడా విద్య. మనం ఒక్కసారి అనుకున్నది నాలుగు ఆవృత్తాలు!

పాఠాంతరం: ఇన్ని దోషాలున్న సూత్రం ఇంతకాలం ఎలా నిలిచిందన్న అనుమానం న్యాయమే. ఇది లేఖక ప్రమాదమని మా ఊహ. జిరాక్సు మీద జిరాక్సు తీయగా ఒక అక్షరం చెదిరి ఉంటుంది. ‘చూసేస్తే’ అన్నచోట ‘మూసేస్తే’ అని దిద్దండి. ‘రాత్రికి ఒకసారి’ అన్నదాన్ని ‘రోజుకు ఒకసారి’ అన్నట్టే, అంటే ప్రతి రాత్రీ అని అన్వయించండి. సూత్రం వెంటనే నిర్దోషమవుతుంది.

తాత్పర్యం: పరీక్ష రేపే అనుకుని, రాత్రికొకసారి పుస్తకం మూసేస్తే చాలు.