జాబ్ కార్డు సంజీవని

మూలం: "డిఫరెన్షియల్ ఆయిల్ సీపేజ్ నార్మల్. కంప్లీట్ అసెంబ్లీ రీప్లేస్‌మెంట్ రికమెండెడ్."

అవతారిక: భవానీపురంలో మా బావమరిది అపార్ట్‌మెంటు సెల్లారులో రెండే సీట్ల విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. దాని వెనక చక్రాల మధ్య గచ్చు మీద అరచేతి వెడల్పున మరక తేలింది. సర్వీస్ సెంటరుకు తోలుకెళ్తే అడ్వైజరు మహాశయుడు ఏసీ గదిలో ఆసీనుడై, కారు కిందికి వంగకుండానే పై సూత్రం అనుగ్రహించాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకుని సంజీవని వ్యాఖ్యలు రాశాడు మల్లినాథ సూరి. ఆయనకు కాళిదాసు దొరికాడు, మాకు జాబ్ కార్డు దొరికింది. ఆ ఒట్టు మాకు చెల్లదు.

ప్రతిపదార్థం: సులభం. వదిలేశాం.

టీక: మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తగువు తీర్చే పళ్లచక్రాల ఏర్పాటే డిఫరెన్షియల్. దానికి 1828లో పెక్యూర్ అనే ఫ్రెంచివాడు పేటెంటు పొందాడు. మన కారులో దానికి ముందు పినియన్ సీలు, పక్కల రెండు యాక్సిల్ సీళ్లు, వెనక మూతకు గాస్కెట్టు, నెత్తిన గాలి వదిలే బ్రీదరు. నూనె బయటపడితే వీటిలో ఏదో ఒక దారినే.

పూర్వపక్షం: చుక్క రాలినచోటే లీకని అడ్వైజర్ల మతం.

సిద్ధాంతం: కాదు. పరుగులో గాలి నూనెను వెనక్కి తోస్తుంది. అడుగంతా కిరసనాయిలుతో కడిగి, కాసేపు తిప్పి, పైకెత్తి చూడాలి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిసిన చోటే నూనె పుట్టిల్లు. వేలికి అద్ది వాసన చూసినప్పుడు గంధకం కంపు కొడితే అది గేర్ ఆయిలే.

విశేషం: కారును ఆటోనగర్‌కు తోలుతూ కుమ్మరిపాలెం సెంటరు దాటుతుంటే కారణవాదం గుర్తురాక మానదు. కుండకు మన్ను, కుమ్మరి, చక్రం, కర్ర కారణాలు. కుండకు ముందే హాజరై కూడా కారణం కాలేకపోయినవాళ్లను తార్కికులు అన్యథాసిద్ధులన్నారు. విశ్వనాథ పంచాననుడనే తార్కికుడు అలా ఐదుగురిని వెలివేశాడు: కర్రలోని కర్రతనం, కర్ర రంగు, ఆకాశం, కుమ్మరి తండ్రి, మన్ను మోసిన గాడిద. తండ్రి సంగతి కొడుకు చూసుకుంటాడు. కర్రతనం గురించి ఏడ్చేవాళ్లెవరూ లేరు. గాడిద మాటే మనసొప్పదు. మరో గాడిద మోసినా, బండి మీద తెచ్చినా కుండ పుడుతుందట, అందుకని ఇది లెక్కలోకి రాదట! ఈ లెక్కన మరో కుమ్మరి చేసినా కుండ పుడుతుంది గదా? దీనికి సమాధానం ఉంది, నాలుగు పుటలు పడుతుంది, గాడిదకు మాత్రం ఒరిగేదేమీ ఉండదు. ఆకాశాన్ని వెలివేయడం కూడా తొందరపాటే. డిఫరెన్షియల్ లోపలి ఖాళీలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బ్రీదరు మట్టితో మూసుకుపోతే ఆ గాలి సీలు పెదవి కిందనుంచి నూనెను నెడుతుంది. ఆటోనగర్ మేస్త్రి ఏ తర్కమూ చదవకుండానే కారు కిందనుంచి తేల్చేశాడు: "సీలేం చేస్తుందండీ, బ్రీదరు పూడిపోతే!"

అలంకారం: నార్మల్ అయితే మార్చడమెందుకు? మార్చాల్సిందే అయితే నార్మల్ ఎలా? ఇది విరోధాభాసం. అర్థం తెలియగానే వైరుధ్యం తొలగిపోవడం దాని లక్షణం. ఇక్కడ లక్షల్లో వేసిన ఎస్టిమేటు చూడగానే తొలగిపోయింది.

ప్రయోగం: మేస్త్రి ముందు నూనె పోసే బిరడా వదులుచేసి, ఆ తర్వాతే కింది బిరడా విప్పాడు. పైది బిగుసుకుపోయి ఉంటే ఖాళీ అయిన పెట్టెలో మళ్లీ నూనె పోసే దారి ఉండదు. నూనె కారింది పినియన్ సీలు దగ్గర కాబట్టి, పినియన్ నట్టు మీద, షాఫ్టు మీద పంచితో గుర్తులు కొట్టాకే విప్పాడు. మళ్లీ గుర్తుకు గుర్తు కలిసేదాకానే బిగించాడు. అతిగా బిగిస్తే లోపలి స్లీవు నలిగి బేరింగులు కూతపెడతాయి. సీలు ఒరిసే చోట గాడి పడిందేమోనని గోరుతో గీసి చూశాడు. పడలేదు. కొత్త సీలును పైపు ముక్కతో వంకరపోకుండా చుట్టూ తట్టి దింపి, బ్రీదరు కడిగి, నూనె బెజ్జం అంచుకు వచ్చేదాకా పోసి ఆపాడు. ఖర్చు వేలల్లో తేలింది. ఇంత పనిలో ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ వాడలేదు.

తాత్పర్యం: జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు కారుతున్నది ఏ సీలో, బ్రీదరు విప్పి చూశారో లేదో రాసిమ్మనండి. రాయకపోతే తాళాలు తిరిగి తీసుకోండి.